చేతులు వెనక పెట్టుకుని చేసే పని

లాక్టేషన్ కన్సల్టెంట్ అంటే ఏమిటో మా గల్లీలో ఎవరికీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. కొత్తగా కన్న తల్లికి పాలివ్వడంలో ఇబ్బంది వస్తే పక్కన కూర్చుని దారి చూపించే పని అంటే, దానికి కూడా కోర్సు ఉంటుందా అని నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నిజామాబాద్‌లో కారు నడపడం నేర్పడానికి కోర్సు ఉంది, ఇంగ్లిష్ మాట్లాడటానికి గల్లీకొకటి ఉంది. రొమ్ము అందక పసిపిల్ల ఏడుస్తుంటే, ఆ పిల్ల కంటే ఎక్కువ ఏడుస్తున్న తల్లితో ఏం మాట్లాడాలో నేర్పే చోటు ఒకటి ఉంటే ఎవరి సొమ్ము పోతుంది? ఈ వాదనలో నేనే గెలిచేదాన్ని. కానీ గెలిచాక ఇంకో మాట వచ్చేది.

"అదంత సరే గని, నీకెందుకమ్మ అది?"

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. నాకు పిల్లలు లేరు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది, చూపించుకోవలసిన చోటల్లా చూపించుకున్నాం, కాలేదు. మా ఆయన ఆ సంగతి ఎత్తడం ఎప్పుడో మానేశాడు. ఊరు మానలేదు. మా వైపు ఒక నమ్మకం ఉంది. పిల్లలు లేని ఆడదాని చూపు బాలింత మీద పడితే పాలు ఎండిపోతాయట. అందుకని పురిటి ఇళ్ళకు మమ్మల్ని పిలవరు. తొట్టెల ఫంక్షన్‌కు పిలిచినా, పిల్లను తొట్టెలో వేసేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి ప్రేమగా చెయ్యి పట్టుకుని భోజనాల వైపు తీసుకుపోతారు. అట్లా నేను తిన్న బగారన్నం అంతా ఇంతా కాదు. ఆకలి లేకపోయినా కావాలని రెండోసారి వడ్డించుకునేదాన్ని.

చేసేది నర్సు పని, ఒక ప్రైవేటు ఆస్పత్రి కాన్పుల వార్డులో. అక్కడ ఎవరూ నన్ను భోజనాలకు తీసుకుపోలేదు, ఎందుకంటే యూనిఫాం వేసుకున్నదాన్ని నీకెందరు పిల్లలని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అక్కడ నాకు విసుగు పుట్టించింది వేరే. కాన్పయిన రెండో పొద్దుకల్లా ఏ తల్లిని చూసినా ఒకటే మాట, "పాలు పడ్తలేవు సిస్టర్." ఆగి చూసే టైము ఎవరికీ లేదు. డబ్బా మూత తీయడం, పొడి కలపడం, సీసా చేతికివ్వడం. కలిపేది నేనే. ఇవ్వగానే పిల్ల ఊరుకునేది, తల్లి మాత్రం తప్పు చేసినదానిలా గోడవైపు తిరిగి పడుకునేది. ఆ వీపులు చూసి చూసి నా కడుపు మండింది. ట్రైనింగ్ మొదలవుతుందని తెలిసిన రోజే పేరు ఇచ్చి వచ్చాను.

మేము అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ బీడీలు చేస్తుంది. చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే మాట్లాడుతున్నా, తిడుతున్నా వేళ్ళు ఆగవు. నేను పేరు ఇచ్చి వచ్చానని చెబితే మొదటిసారి ఆగాయి.

"బాలింతల కాడికి నువ్వు పోతే వాళ్ళేమనుకుంటరే?"

"ఏమనుకుంటరు?"

"నా నోటితోని చెప్పియ్యకు."

"నీ నోటితోనే చెప్పవ్వా. బయటోళ్ళ నోట్ల ఇనుడు అలవాటే నాకు."

అవ్వ ఆకు మడిచి దారం చుట్టింది. నా మీద కోపం ఎంతో, నన్ను ఎవరైనా ఏమైనా అంటారన్న భయం అంతకు రెట్టింపు. అది నాకు తెలుసు. అయినా వెళ్ళాను.

క్లాసు ఒక ఆస్పత్రి పై అంతస్తులో జరిగేది. మొదటి రోజు పాఠాలు చెప్పే మేడం అందరినీ పరిచయం చేసుకోమంది. పేరు, పని, పిల్లలెందరు, ఎన్నాళ్ళు పాలిచ్చారు. ఒక్కొక్కరూ గర్వంగా చెప్పుకుంటూ వస్తున్నారు. నా వంతు వచ్చింది. లేరన్నాను. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ నా వైపు తిరిగారు. మేడం మాత్రం నన్ను ఓదార్చలేదు, పర్వాలేదమ్మా అనలేదు. "సరే, తర్వాత" అని పక్కామె వైపు చూసింది. ఆ క్షణం నుంచి ఆమె అంటే నాకు ఇష్టం.

మేడం నేర్పిన మొదటి పాఠం చేతులు వెనక పెట్టుకోవడం. నేర్చుకోవడానికి ఒక రబ్బరు బొమ్మ, గుడ్డతో కుట్టిన రొమ్ము ఉండేవి. తల్లిలా ఒకరు కూర్చుంటే ఇంకొకరు సలహా చెప్పాలి. నర్సులం కదా, మాకు తెలిసింది ఒకటే. పిల్ల తల వెనక చెయ్యి పెట్టి రొమ్ముకు అదిమేయడం. నేను అట్లా చెయ్యబోతే మేడం ఆపింది. "చేతులు వెనక. మీరు వెళ్ళిపోయాక ఆ తల్లి దగ్గర మీ చేతులుండవు, ఆమె చేతులే ఉంటాయి. వాటికి నేర్పండి." తల్లి అనుమతి లేకుండా ఆమెను ముట్టుకోకూడదు, పిల్లను ముట్టుకోకూడదు, చేత్తో చేసి చూపాల్సింది ఏదైనా ఉంటే బొమ్మతో చూపాలి. చెప్పడానికి సులువే. సూదులు వేసి, సెలైన్లు ఎక్కించి అలవాటైన చేతులు ఊరికే ఉండమంటే ఉండవు. నేను చున్నీతో నా మణికట్టు కట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

గుడ్డ రొమ్ము ఎవరిది వాళ్ళే కుట్టుకురావాలి అన్నారు. నాకు కుట్టు రాదు. మా ఆయన పాత సాక్సు, కాసింత దూది ముందేసుకుని తంటాలు పడుతుంటే అవ్వ చూసి చూసి లాక్కుంది. "గిదేం సదువే తల్లీ" అంటూనే బీడీ మూతి మడిచే వేళ్ళతో ముడి వేసి, అచ్చం రొమ్ములాగే చేసి ఇచ్చింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ అట్లా నవ్వగా చూసి చాలా కాలమైంది. నాకూ నవ్వు ఆగలేదు.

కోర్సు పూర్తి కావాలంటే ప్రతి ఒక్కరూ ఒక తల్లిని ఆస్పత్రిలో మొదలుపెట్టి ఆమె ఇంటిదాకా వెంట ఉండి, పాలు కుదిరేదాకా చూసుకోవాలి. చివర మేడం కూడా ఆ ఇంటికి వచ్చి చూస్తుంది. నాకు ఇచ్చిన తల్లి బోధన్ పిల్ల. తొలి కాన్పు, ఆడపిల్ల పుట్టింది, తల్లిగారింటికి పోబోతోంది. మంచం పక్కన ఆమె తల్లి కూర్చుని ఉంది. నాకంటే కొంచెం పెద్ద, గట్టి మనిషి. నేను స్టూలు లాక్కుని కూర్చున్నానో లేదో అడిగింది.

"నీకెందరు పిల్లలు సిస్టర్?"

"లేరక్కా."

"ఒక్కలన్న కాలే?"

"కాలే."

ఆమె తువాలు తీసి మనుమరాలి మొహం మీద కప్పింది. తర్వాత మంచానికి, నాకు మధ్య తన కుర్చీ జరుపుకుంది. తెల్లారి నేను పోయేసరికి మంచం ఖాళీ.

నాతో నేర్చుకునే వాళ్ళు మంచివాళ్ళు, నా మంచి కోరే చెప్పారు. "ఇద్దరున్నరని చెప్పక్కా, ఎవరొచ్చి సూస్తరు?" అని ఒకామె. నిజమే, ఎవరూ రారు. ఒక్క అబద్ధంతో ఏ ఇంట్లోకైనా పోవచ్చు. రాత్రంతా ఆలోచించానని చెప్పను, అంతసేపు అక్కర్లేదు. ఆ అబద్ధం ఆడితే లేని పిల్లలకు పేర్లు పెట్టాలి, బడిలో వేయాలి, వాళ్ళకు జ్వరాలు రావాలి. అదంతా పడవచ్చు. కానీ నేను నేర్చుకున్నది నా చదువు వల్ల వచ్చింది, నా కడుపు వల్ల కాదు. అబద్ధమాడితే ఊరు చెప్పేదే నిజమని నేనే సంతకం పెట్టినట్టు. పిల్లలు లేరన్న బాధ నాకు ఉంది. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అది నా బాధ. దాన్ని సిగ్గుగా మార్చి నా చేతిలో పెడతామంటే మాత్రం ఒప్పుకోను.

వేరే తల్లిని ఇస్తారేమోనని చూస్తుండగా బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ బాలింతే, ఆస్పత్రిలో అడిగి నా నంబరు తీసుకుందట. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, పిల్ల పట్టుకుంటలేదు. నాకు పుండ్లయినయ్. పాలు ఎండినయని సీసా పడ్తున్నరు. మా అవ్వకు నేను ఫోన్ జేసిన అని చెప్పకు."

"పిల్ల ఒంటికి పోతున్నదా? లేపితే లేస్తున్నదా?"

అన్నీ అడిగాను. ముందు పిల్లల డాక్టరుకు చూపించమన్నాను. చూపించారు. ప్రమాదం లేదు కానీ బరువు తగ్గింది, ఇట్లాగే తగ్గితే ఆస్పత్రిలో పెట్టాలని చెప్పారట. మేడంకు చెబితే వెళ్ళమంది. ఎడపల్లి మీదుగా పోయే బస్సెక్కాను. సంచిలో రబ్బరు బొమ్మ, సాక్సు రొమ్ము. పక్క సీటామె సంచిలోకి తొంగి చూసి, బోధన్ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

వాళ్ళ ఇల్లు మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వైపు ఉంటుంది. పిల్ల తాత అందులో పనిచేసినవాడు. ముందు గది, దాని వెనక పరదా, పరదా లోపల బాలింత. గడపలో ఆమె తల్లి నిలబడింది.

"నువ్వా?"

"నేనే అక్కా. అందరి ఇండ్లకు పోతం, మీ ఇంటికి గూడ వచ్చిన."

"నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా. కని పచ్చి బాలింత. పిల్లలున్నామె ఎవలన్న ఉంటే పంపియ్యుమను."

ఒళ్ళు మండిపోయింది. తిరిగి బస్టాండుకు పోదామనే అనుకున్నాను. అప్పుడు లోపల పిల్ల ఏడ్చింది. గట్టి ఏడుపు కాదు, ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన ఏడుపు. కాన్పుల వార్డులో ఇన్నేళ్ళున్నదాన్ని, ఆ ఏడుపు విని తిరిగి పోలేను. మేడం పాఠమూ అప్పుడే గుర్తొచ్చింది. వీళ్ళు వద్దంటున్నది ఏమిటి? నా చెయ్యి, నా చూపు. నా పనికి అసలు చెయ్యే అక్కర్లేదని కదా ఇన్నాళ్ళూ నేర్చుకున్నది.

"అక్కా, నేను పిల్లను ముట్టను. పరదా ఇవతలే కూసుంట. నా మాట లోపటికి పోతే సాలు, నువ్వు లోపల నిలవడి నాకు చెప్పు."

మాటకు దిష్టి ఉంటుందా ఉండదా అని ఆమె లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. ఉండదని తేలినట్టుంది. చాప వేసింది.

పరదాకు ఎదురుగా కూర్చుని, అలవాటుగా చేతులు వెనక పెట్టుకున్నాను. "చెల్లె, పిల్ల పొట్ట ఎటున్నది?" అని అడిగితే తల్లి చెప్పలేకపోయింది, అమ్మమ్మ చూసి చెప్పింది. మీదికి ఉందట, మొహం మాత్రం రొమ్ము వైపు తిప్పారట. "అక్కా, నువ్వు మెడ పక్కకు తిప్పి జర నీళ్ళు తాగి చూడు" అన్నాను. లోపల చెంబు చప్పుడైంది, ఆ తర్వాత పొలమారి దగ్గింది. "ఇట్లెట్ల తాగుతరు ఎవలన్న" అని విసుక్కుంది. "పిల్ల గూడ గదే అంటున్నది" అన్నాను. లోపల బాలింత నవ్వింది. నేను వచ్చాక అదే మొదటి మంచి చప్పుడు.

పిల్లను పూర్తిగా తల్లి వైపు తిప్పించాను, పొట్టకు పొట్ట తగిలేటట్టు. ముక్కుకు ఎదురుగా రొమ్ము మొన. పై పెదవికి తాకించి ఆగమన్నాను. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగడమే కష్టం, సగం తెరవగానే తోసేస్తారు. అమ్మమ్మ గాజులు గలగలమన్నాయి.

"అక్కా, పిల్ల తల అదుముతున్నవా?"

"నీకెట్ల ఎరుక?"

"చేతులు ఎనకకు పెట్టు. మీ బిడ్డె చేస్తది."

ఇంటి పెద్దదానికి అట్లా చెప్పినందుకు నన్ను గెంటేస్తుందనే అనుకున్నాను. గాజుల చప్పుడు ఆగింది. రెండుసార్లు పట్టు జారింది, పిల్ల ఏడ్చింది, తల్లి ఏడ్చింది. బొమ్మను, సాక్సు రొమ్మును పరదా కింది నుంచి లోపలికి తోసి, నోరు ఎంత తెరవాలో, నల్లటి భాగం ఎంత లోపలికి పోవాలో చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత పిల్ల ఏడుపు ఆగింది. నేను వింటున్నాను. చప్పరింపు, చప్పరింపు, ఆగడం. ఆ తర్వాత గుటక. ఇంకో గుటక.

"అక్కా, నొస్తలేదు" అంది లోపలి గొంతు, ఆశ్చర్యంగా. పరదా ఇవతల నేను ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు, అది మంచిదే.

పాలు ఎండలేదు. ఉన్న పాలను పిల్ల లాగలేకపోయింది, అంతే. దానికి తోడు ఆ ఇంట్లో ఒక మురిపెం ఉంది. తాత చక్కెర ఫ్యాక్టరీ మనిషి కావడంతో, ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదట చక్కెర నీళ్ళే పడతారట. ఫ్యాక్టరీ పోయింది, చక్కెర ఇప్పుడు దుకాణం నుంచి కొంటున్నారు, ఆ నీళ్ళు మాత్రం మానలేదు. అవి తాగి కడుపు నిండి పిల్ల పడుకునేది, రొమ్ము నిండి గట్టిపడేది, అప్పుడు సీసా. చక్కెర నీళ్ళు వద్దన్నాను. "మా బిడ్డలందరు గవ్వి తాగే పెరిగిండ్రు" అంది అమ్మమ్మ. "పెరిగిండ్రు. గని ఈ పిల్ల తగ్గుతున్నది" అన్నాను. సీసా పాలు మాత్రం ఒక్కసారిగా మానవద్దని, డాక్టరు చెప్పినట్టు తూచుకుంటూ తగ్గిద్దామని, తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని చెప్పి లేచాను.

నేను గేటు దాటకముందే వెనక మిరపకాయలు కాలుతున్న వాసన వచ్చింది. నా దిష్టే తీస్తున్నారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా వాళ్ళ లెక్క. ఆ రోజు ఎంత ఘాటు వచ్చిందంటే, నేను గేటు పట్టుకుని కళ్ళ నీళ్ళు కారుతూ దగ్గుకుంటూ నిలబడ్డాను. వాళ్ళ లెక్క ప్రకారమే నేను నిర్దోషిని. ఆ మాట వెనక్కి తిరిగి చెబుదామనిపించింది, దగ్గు ఆగలేదు.

ఆ తర్వాత చాలాసార్లు పోయాను. ప్రతిసారీ చాప, పరదా, మిరపకాయలు. పిల్ల బరువు ముందు నిలబడింది, తర్వాత పెరిగింది. సీసా అటక ఎక్కింది. పుండ్లు మానాయి. నేను పిల్లను చూడలేదు. గుటకలు మాత్రం నాకు బాగా తెలుసు. ఏది ఆకలి గుటక, ఏది నిద్రలోకి జారే గుటక అని విని చెప్పగలిగేదాన్ని.

మేడంకు అదంతా చెబితే మెచ్చుకుంది. కానీ ఒక మాట అంది. "విని చెప్పడం సగమే. తల్లిని, బిడ్డను కళ్ళారా చూసి చెప్పగలవో లేదో నేను చూడాలి. పరదా బయట కూర్చుంటే నిన్ను పాస్ చెయ్యలేను." ఆమె మాట న్యాయమే. చూడకుండా చేసే పని కాదు ఇది.

మేడంను తీసుకుని పోయిన రోజు అమ్మమ్మ మా ఇద్దరికీ చాయ్ ఇచ్చింది. ఇవాళ లోపలికి వస్తానని చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది. "ఇప్పుడే పాలు మంచిగ పడ్డయి బిడ్డా, ఎందుకు ఇప్పుడు" అని నసిగింది. చేసిన పనికి విలువ ఉంది, చేసిన మనిషికి మాత్రం పరదా లోపల చోటు లేదు. చాయ్ గ్లాసు కింద పెట్టాను.

అంతలో పక్కింటి పెద్దావిడ వచ్చింది. ఆవిడ కోడలు కూడా కొత్తగా కన్నది, అక్కడా పాలు కుదరడం లేదట. "గీ సిస్టరేనా? మంచిగ చెప్తదట గదా. పిల్లలెందరు ఈమెకు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది. "ఇద్దరు. ఇద్దరు మొగపిల్లలే." అని నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది. నన్ను కాపాడుతున్నాననే అనుకుంది పాపం. దానితోపాటు తన ఇంటినీ, పిల్లలు లేనిదాన్ని పురిటింటికి రానిచ్చిందన్న మాట నుంచి.

నేను ఊరుకుంటే చాలు. పక్కింటావిడ ముందు అన్న మాటకు పరదా తీయక తప్పదు, మేడం చూస్తుంది, కోర్సు ముగుస్తుంది. పక్కింట్లో ఇంకో పని కూడా దొరుకుతుంది. ఊరుకోవడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

"లేరమ్మా" అన్నాను. "అక్క నా మీద ప్రేమతోని అన్నది. నాకు పిల్లలు లేరు. అయినా ఈ పని నాకొస్తది."

పక్కింటావిడ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. అమ్మమ్మ తల దించుకుంది. మేడం నన్ను చూస్తోంది, నేను ఎవరినీ చూడటం లేదు. అప్పుడు పరదా లోపలి నుంచి బాలింత గొంతు వచ్చింది, ఫోన్‌లో గుసగుసలాడిన గొంతు కాదు అది.

"ఆమెకు పిల్లల్లేరని దవఖానలనే తెలుసు నాకు. ఎరుకయ్యే పిలిచిన. ఫోన్ జేసింది నేనే అవ్వా. నా పాలు ఏడికి పోలే. అక్కా, లోపటికి రా, పిల్ల లేచింది."

అమ్మమ్మ అడ్డం రాలేదు. నేను పరదా తీసుకుని లోపలికి పోయాను, నా వెనక మేడం. పిల్ల ఒళ్ళో ఉంది, బుగ్గలు వచ్చాయి, పొట్టకు పొట్ట తగిలించి తల్లి తనే పట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని, చేతులు వెనక పెట్టుకుని, కళ్ళు తిప్పుకోకుండా తనివితీరా చూశాను. పిల్ల తాగుతూనే ఉంది.